కర్రలు కొనాలా, కాళ్లకు పని చెప్పాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది రాజమండ్రి. ఆరేళ్లుగా కేంబ్రిడ్జిలో ఉద్యోగం. వయసు 36. నాలుగేళ్లుగా పరుగెడుతున్నాను, పోయిన అక్టోబర్‌లో హాఫ్ మారథాన్ గంటా 52 నిమిషాల్లో పూర్తి చేశాను. ఆఫీసులో ఒకాయన మాటల్లో పెట్టి, మే నెలలో ఇంగ్లండ్ ఉత్తరాన కొండల ప్రాంతమైన లేక్ డిస్ట్రిక్ట్‌లో జరిగే ఫెయిర్‌ఫీల్డ్ హార్స్‌షూ ఫెల్ రేసుకు, అంటే కొండ పరుగు పోటీకి, నాచేత సరే అనిపించాడు. 14.5 కిలోమీటర్లు, 900 మీటర్ల పైన ఎక్కుడు. ఇంకా 14 వారాలుంది. మా ఊరు చూస్తే పళ్లెంలా చదును. దిగేటప్పుడు కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. ఆల్ప్స్ రేసుల వీడియోల్లో అందరి చేతుల్లోనూ కర్రలే. 140 పౌండ్ల కార్బన్ పోల్స్, అంటే ఆ చేతికర్రలే, ఆన్‌లైన్ కార్టులో పెట్టి ఉంచాను. మా ఆవిడేమో "తిరుపతి కొండ ఉత్త కాళ్లతో ఎక్కినవాడివి, ఇప్పుడు కర్రలెందుకు" అంటోంది. కొనమంటారా? కొండ లేని ఊళ్లో ఉంటూ కొండ రేసుకు ఎలా తయారవ్వాలి?

— కేంబ్రిడ్జి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ రేసుకు మాత్రం వాటిని కార్టులోంచి తీసెయ్యండి తమ్ముడూ. మీ ఆవిడ చెప్పిందే కరెక్టు. కారణం ఆవిడ అనుకున్నది కాకపోవచ్చు, అంతే.

మీరు చూసిన ఆల్ప్స్ రేసులు వేరే జాతి. మాంట్ బ్లాంక్ చుట్టూ తిరిగే యూటీఎంబీ సుమారు 170 కిలోమీటర్లు, పదివేల మీటర్ల ఎక్కుడు. మామూలు మనిషికి ఒకటిన్నర రోజు దాటుతుంది. అక్కడ కర్ర లేనివాడు అరుదు. మీ రేసు మీకు రెండుంబావు, రెండున్నర గంటల పని. పాతకాలం లెక్క ఒకటుంది, 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పింది: నడిచేవాళ్లకు ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. దాని ప్రకారం మీ దారి నడకలో నాలుగున్నర గంటలు. మీ హాఫ్ మారథాన్ టైము ఉన్నవాళ్లు దాంట్లో సగానికి కాస్త అటూ ఇటూగా వస్తుంటారు.

రెండున్నర గంటల్లో ముందు అయిపోయేది ఊపిరి. పన్నెండు గంటల్లో అయితే ముందు అయిపోయేది తొడ. కర్రలు చేసే పనల్లా తొడ మీద పడే భారంలో కొంత చేతులకు, భుజాలకు పంచడం. ఊపిరి ఖర్చు పెద్దగా తగ్గదు, ఎందుకంటే ఇప్పుడు చేతులూ ఆక్సిజన్ అడుగుతాయి. చదునులోనూ, కొద్దిపాటి వాలులోనూ అయితే ఖర్చు పెరుగుతుంది కూడా. నిటారు ఎక్కుడు గంటల తరబడి ఉంటేనే మోసిన బరువుకు ఫలితం. పైగా కర్రలు ఒప్పుకోవాలా వద్దా అన్నది ఒక్కో రేసు ఒక్కోలా రాసుకుంటుంది. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ వంద మైళ్ల రేసులో అసలు నిషేధం. యూటీఎంబీలో తెచ్చుకోవచ్చు, కానీ తెస్తే మొదటి నుంచి చివరి దాకా మోయాల్సిందే, మధ్యలో ఎవరో అందిస్తే కుదరదు. అందుకని ఏ రేసుకైనా డబ్బు కట్టేముందు దాని నిబంధనల పేజీ చదవండి, అర్థం కాకపోతే నిర్వాహకులకు మెయిల్ కొట్టండి.

ఇంగ్లండ్ ఫెల్ రేసుల్లో కర్రలు పెద్దగా కనిపించకపోవడానికి నిబంధనలే కాదు, అలవాటు కూడా కారణం. ఫెల్ అంటే ఇక్కడి ఉత్తర జిల్లాల్లో కొండ. ఆ మాట వైకింగుల భాష నుంచి వచ్చింది. ఈ పరుగు పుట్టింది ఊరి జాతరల్లాంటి సంబరాల్లో. గొర్రెల కాపరులు, కొండ గైడ్లు ఎదురుగా కనిపించే కొండ ఎక్కి దిగి ఎవరు ముందొస్తారో చూసుకునేవారు. గ్రాస్‌మియర్ స్పోర్ట్స్‌లో గైడ్స్ రేస్ 19వ శతాబ్దం నుంచి జరుగుతోంది. 1975లో 24 గంటల్లోపు 72 శిఖరాలు తిరిగొచ్చిన జాస్ నేలర్ వాస్‌డేల్‌లో గొర్రెలు పెంచుకునే రైతు. 2024లో పోయాడు. ఇక్కడి క్లబ్బుల్లో పెద్దవాళ్లు ఆయన పేరు చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. అలాంటి వాళ్ల మధ్య కార్బన్ కర్రలు విప్పితే ఎవరూ ఏమీ అనరు గానీ, ఒక చూపు చూస్తారు.

ఇక నా కథ. లేక్ డిస్ట్రిక్ట్ అంచున ఉన్న ఈ కెండల్ ఊరికి వచ్చిన మూడో ఏడు నేనూ మీలాగే కర్రలు కొన్నాను. ఒక శనివారం హెల్వెలిన్ కొండ మీంచి దిగుతున్నాను. రెండు చేతులకూ కర్రల పట్టీలు బిగించుకుని, మహా స్టయిలుగా. ఎడమ కర్ర మొన రెండు రాళ్ల సందులో ఇరుక్కుంది. నేను ముందుకు, చెయ్యి వెనక్కి. బొటనవేలు మొదట్లో టప్‌మన్న చప్పుడు నాకే వినిపించింది. కర్రకు ఏమీ కాలేదు, అది మంచి కంపెనీది. నాకు మాత్రం ఆరు వారాలు చపాతీ పిండి కలపడం కుదరలేదు, సీసా మూత తిప్పాలన్నా మా అబ్బాయిని పిలవాల్సొచ్చింది. అప్పటి నుంచి ఒకటే నియమం: దిగేటప్పుడు పట్టీల్లోంచి చేతులు బయటికి. రాళ్లు మొదలైతే కర్రలు మడిచి నడుం బెల్టులోకి.

కర్రలు వద్దనడానికి ఇంకో పెద్ద కారణం మీ దారే చెబుతుంది. రైడల్ అనే ఊరి నుంచి బయల్దేరగానే నాబ్ స్కార్ అనే నిటారు కొండ. మొదటి రెండు కిలోమీటర్లలోనే మూడు వందల మీటర్ల పైచిలుకు ఎక్కాలి. జనం ఒకరి వెనక ఒకరు చీమల బారులా వెళ్తుంటారు. అక్కడ మీ కర్ర మొన వెనకాల వచ్చేవాడి మోకాలి ఎత్తులో ఊగుతుంటుంది. తర్వాత హెరన్ పైక్, గ్రేట్ రిగ్, ఆ పైన 873 మీటర్ల ఫెయిర్‌ఫీల్డ్. దాని నెత్తి బల్లలా చదును, ఎక్కడ చూసినా రాళ్ల కుప్పలే. ఎండ కాస్తే స్వర్గం. మబ్బు దిగితే అన్ని కుప్పలూ ఒకేలా ఉంటాయి, ఉత్తరం వైపు కొండ కోసేసినట్టు తెగిపోతుంది. అక్కడ ఒక చేతిలో మ్యాపు, ఇంకో చేతిలో దిక్సూచి ఉండాలి, కర్రలు కాదు. చలికి వేళ్లు మొద్దుబారి, రెండు కర్రలూ చంకలో ఇరికించుకుని మ్యాపు విప్పాలని చూసే మనిషిని మీరొక్కసారి చూస్తే చాలు. తిరుగు దారిలో హార్ట్ క్రాగ్, డవ్ క్రాగ్ దాటాక హై పైక్, లో పైక్ మీదుగా రాతి గోడ వెంట దిగుతారు. లో పైక్ దగ్గర చేతులు రాతికి ఆనించి దిగాల్సిన చోటొకటి ఉంది. మధ్యలో బురద.

మరి కర్ర లేకుండా నాబ్ స్కార్ ఎలా ఎక్కాలి? మోకాళ్ల మీద చేతులేసుకుని. నవ్వకండి, ఇది ఇక్కడ పక్కా టెక్నిక్. అరచెయ్యి మోకాలి చిప్పకు కొంచెం పైన, తొడ చివర ఆనించాలి. బొటనవేలు లోపలి వైపు. ఆ కాలు నిటారుగా అయ్యే క్షణంలోనే ఆ చేత్తో కిందికి నొక్కాలి. నొక్కుడు, అడుగు ఒకేసారి పడాలి. ముందే నొక్కితే నడుం పట్టేస్తుంది, ఆలస్యమైతే ఉపయోగం లేదు. వీపు వంగినా తల వేలాడకూడదు, వేలాడితే ఊపిరి సరిగా అందదు. నా మొదటి రేసులో నేను ఆపసోపాలు పడుతూ పరుగు పెట్టబోతుంటే, మా క్లబ్బులో 68 ఏళ్ల ఒకావిడ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, తిరగలిలో బియ్యం విసురుతున్నంత నింపాదిగా, ఒకే లయలో నన్ను దాటి పోయింది. పైకి చేరేసరికి ఆవిడ ఎర్ర టోపీ చుక్కంత కనిపించింది. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర అందరూ ఆటోమేటిక్‌గా చేసేది ఇదే కదా. మీరు 3,550 మెట్లూ ఎక్కారంటే మీ ఒంటికి ఈ సంగతి ఇప్పటికే తెలుసు, గుర్తు చెయ్యడమే మిగిలింది.

నిటారు ఎక్కుడులో పరుగు అనుకోకండి. ముందున్న కొద్దిమంది తప్ప అందరూ నడుస్తారు, ఆ వాలులో గబగబా నడవడమే ఊపిరికి చవక. ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ లెక్కలో కిలోమీటరుకు సగటున 50 మీటర్లు, ఆ పైన ఎక్కుడున్న రేసు 'ఏ' రకం, అంటే అన్నిటికన్నా నిటారు. 25 దాటితే 'బి', 20 దాటితే 'సి'. మీది కిలోమీటరుకు 63 దాకా వస్తుంది. హాఫ్ మారథాన్ పేస్ ఇక్కడ మర్చిపోండి, వాచీలో కిలోమీటరు టైము కనిపించకుండా పెట్టుకుంటే టెన్షన్ సగం పోతుంది.

ఇప్పుడు కొండ లేని ఊరి సంగతి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ చాలావరకు 15 శాతం దాకా లేస్తుంది. ఆ వాలులో ఒక కిలోమీటరు నడిస్తే దగ్గర దగ్గర 150 మీటర్లు ఎక్కినట్టు. వారానికి ఒక రోజు దానికే కేటాయించండి. మొదటి వారాల్లో రెండు కిలోమీటర్లు, ఏప్రిల్‌కల్లా ఐదు. పక్కనుండే కడ్డీలు పట్టుకోకూడదు. పట్టుకుంటే కొండ ఎక్కేది ట్రెడ్‌మిల్లే, మీరు కాదు. ఐదు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు తేలిగ్గా, అలా మార్చుకుంటూ పోతే నాబ్ స్కార్ మీద గుండె ఎలా కొట్టుకుంటుందో ముందే పరిచయమవుతుంది.

కానీ ట్రెడ్‌మిల్ నేర్పనిది దిగడం. కొండ ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. ఈ రేసులో మిమ్మల్ని దెబ్బతీసేది రెండోదే. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపుతుంది, బ్రేకు వేస్తూ సాగే తాడులాగ. అలవాటు లేని కండరానికి లోపల సన్నని చీలికలు వస్తాయి, మర్నాడు కాదు, రెండో రోజు టాయిలెట్ మీద కూర్చోవడానికి గోడ పట్టుకోవాలి. మంచి సంగతేమిటంటే, ఒక్కసారి బాగా దిగిన కండరం ఆ దెబ్బను కొన్ని వారాల పాటు గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి అంత నొప్పి ఉండదు. కాబట్టి రేసు రోజు మొదటిసారి దిగకూడదు, అంతే.

మీ ఊళ్లో బహుళ అంతస్తుల కార్ పార్కులున్నాయి కదా. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉంటాయి. మెట్ల మీద ఎక్కి, మెట్ల మీదే దిగండి. ఆరు అంతస్తులంటే సుమారు 18 మీటర్లు. పదిసార్లు తిరిగితే 180 మీటర్ల దిగుడు. మొదటి వారం నాలుగుసార్లతో ఆపండి, ఉత్సాహం వచ్చినా సరే. సెక్యూరిటీ అతను ఏంటని అడిగితే నిజం చెప్పండి, నవ్వి వదిలేస్తాడు. ఇంట్లో వారానికి రెండుసార్లు: మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, ఇంకో మడమ కింద నేలకు తాకేదాకా నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగడం. ఒక్కో కాలికి ఎనిమిది, మూడు విడతలు. మోకాలు లోపలికి వాలకుండా అద్దంలో చూసుకోండి. పిక్కల కోసం మునివేళ్ల మీద లేచి దిగడం కూడా కలుపుకోండి, ఎక్కుడంతా పిక్కల మీదే నడుస్తుంది.

మోకాలి గురించి విడిగా చెప్పాలి. అప్పుడప్పుడు పట్టేయడం చాలావరకు తొడ, తుంటి బలం చాలకపోవడం వల్ల వస్తుంది. పైన చెప్పిన మెట్టు వ్యాయామం దానికి మంచి మందు. కానీ వాపు వచ్చినా, మోకాలు మధ్యలో లాక్ అయినా, రాత్రి నొప్పితో మెలకువ వచ్చినా నా మాట పక్కన పెట్టి ఫిజియో దగ్గరికి వెళ్లండి, వెంటనే. కర్రలు మోకాలి మీద పడే దెబ్బ కొంత తగ్గిస్తాయి, అది నిజమే. నెమ్మదిగా నడిచి దిగే ట్రెక్కింగ్‌లో బాగా తెలుస్తుంది. పరుగులో మాత్రం కర్ర పెట్టేలోపే అడుగు పడిపోతుంది.

నిజమైన కొండ మీదికి కనీసం మూడుసార్లు రండి. మీకు దగ్గర కొండ ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్. అక్కడి ఈడేల్ ఊళ్లో కారు ఆపి 636 మీటర్ల కిండర్ స్కౌట్ కొండ ఎక్కి దిగితే ఒక రోజు సరిపోతుంది. మార్చిలో ఒకసారి అక్కడ. ఏప్రిల్‌లో ఒక వారాంతం రైడల్ పక్కనున్న ఆంబుల్‌సైడ్‌లో గది తీసుకుని మీ దారి మొత్తం, టైము చూడకుండా, మ్యాపు చేతిలో పట్టుకుని నడుస్తూ పరుగెత్తుతూ తిరగండి. ఎక్కడ గేటు ఉంది, గోడ ఎటు వైపు ఉండాలి, ఫెయిర్‌ఫీల్డ్ నెత్తి మీద ఏ దిక్కుకు తిరగాలి, అన్నీ రాసుకోండి. మూడోసారి రేసుకు మూడు వారాల ముందు, దిగుడు మీద దృష్టి పెట్టి. చివరి పది రోజుల్లో గట్టి దిగుడు వద్దు.

దిగేటప్పుడు చిన్న అడుగులు, వెనక్కి వాలకుండా. భయం వేస్తే ఒళ్లు వెనక్కి పోతుంది, అప్పుడే పాదం జారుతుంది. చూపు కాళ్ల దగ్గర కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు. చేతులు రెక్కల్లా బార్లా చాపండి, చూసేవాళ్లకు నవ్వొస్తుంది, పర్వాలేదు. ఇక్కడివాళ్లు "బుర్ర ఆఫ్ చెయ్, బ్రేకు వదిలెయ్" అంటుంటారు. మీరు మొదటి ఏడు బుర్ర ఆన్‌లోనే ఉంచుకోండి.

ఆ 140 పౌండ్లు ఎక్కడ పెట్టాలో చెబుతాను. ముందు బూట్లు. రోడ్డు బూట్లతో తడి గడ్డి మీదికి వెళ్తే ఐస్ మీద గేదె నడిచినట్టే. అడుగున ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లోతు ముళ్లలాంటి రబ్బరు ఉన్నవి కావాలి. తర్వాత కుట్ల మీద టేపు వేసిన, టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. వీటితో పాటు తలకు టోపీ, గ్లోవ్స్, మ్యాపు, దిక్సూచి, ఈల, అత్యవసరానికి తిండి. ఫెల్ రేసుల్లో మామూలుగా అడిగే సామాను ఇదే, స్టార్టు దగ్గర సంచి విప్పి చూస్తారు. మే నెల కదా అనుకోకండి. కింద టీషర్టు వాతావరణం, పైన వేళ్లు వంకర్లు పోయే చలి, ఒకే రోజు చూశాను. అత్యవసర తిండి కింద నేను రెండు పల్లీ చిక్కీలు పెట్టుకుంటాను. పరుగువాళ్లు శక్తి కోసం తినే జెల్ గడ్డకట్టినా చిక్కీకి ఏమీ కాదు.

ఇంకొకటి, ఇది మాత్రం అసలు మర్చిపోకూడదు. ఎక్కడైనా మానేయాల్సొస్తే మానేయండి, అందులో చిన్నతనం లేదు. కానీ నేరుగా కారెక్కి కేంబ్రిడ్జి వెళ్లిపోకూడదు. ఫినిష్ దగ్గరికి వచ్చి మీ నంబరు చెప్పి, ఆగిపోయానని నమోదు చేయించుకోవాలి. లేకపోతే మీరు ఇంట్లో రసం అన్నం తింటుంటే, ఇక్కడ మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లు చీకట్లో మీకోసం కొండంతా వెతుకుతుంటారు.

కర్రలు ఎప్పటికీ వద్దా అంటే, లేదు. వచ్చే ఏడాదో ఆ పై ఏడాదో ఆరు, ఎనిమిది గంటల రేసుకు వెళ్తే కొనండి. అప్పుడు కూడా రేసు వారంలో కాదు, రెండు నెలల ముందు. కర్ర మొన నేలకు ఆనించి పట్టుకుంటే మోచెయ్యి లంబకోణంలో ఉండాలి. మీ ఎత్తు సెంటీమీటర్లలో 0.68తో గుణిస్తే దాదాపు అదే వస్తుంది, 170 ఉంటే 115. చెయ్యి పట్టీ కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోవాలి. అప్పుడు వేళ్లు బిగించక్కర్లేదు, మణికట్టుతోనే నొక్కొచ్చు. మొన పాదానికి ముందు కాదు, పక్కనో కొంచెం వెనకో పడాలి. ముందు పెడితే అది తోయదు, ఆపుతుంది. చెయ్యి తుంటి దాటి వెనక్కి పోయేదాకా నెట్టండి. తక్కువ వాలులో కుడి కాలికి ఎడమ కర్ర, నిటారులో రెండూ ఒకేసారి. మొదటి వారం భుజాల వెనక, చంకల కింద నొప్పొస్తే సరిగ్గా చేస్తున్నట్టు. గ్లోవ్స్ వేసుకుని, చేతులు తడిపి, కర్రలు మడిచి విప్పడం ఇంట్లో ప్రాక్టీసు చేయండి. ఒంటి చేత్తో రెండు కర్రలూ పట్టుకుని చిక్కీ కాగితం విప్పగలిగితే మీరు రెడీ.

రేసయ్యాక రైడల్ నుంచి గ్రాస్‌మియర్ దగ్గరే. చర్చి పక్కన చిన్న దుకాణంలో 1854 నుంచి చేస్తున్న జింజర్‌బ్రెడ్ దొరుకుతుంది. మన అల్లం మురబ్బా ఇష్టపడేవాళ్లకు నచ్చుతుంది. కర్రల విషయంలో ఆవిడ చెప్పిందే నెగ్గింది కాబట్టి మీ ఆవిడకు రెండు ప్యాకెట్లు తీసుకెళ్లండి. శనివారం క్యూ గట్టిగానే ఉంటుంది, తొడల నొప్పితో నిలబడటానికి సిద్ధపడి వెళ్లండి.